జ్వరం పోయింది, సీపీకే ఎందుకు దిగలేదు?

చిత్తూరు నుంచి ఒక పాఠకురాలు రాసిన ఉత్తరం (సీపీకే అంటే కండ దెబ్బతింటే రక్తంలో పెరిగే ఎంజైము; ఎస్‌జీఓటీ, ఎస్‌జీపీటీ లివరు కోసం చూసే ఎంజైములు):

"నా వయసు 46, బరువు 60 కిలోలు. ఇంటి ముందే టిఫిన్ అంగడి నడుపుతాను. ఆరేళ్ళుగా షుగరుంది. మెట్‌ఫార్మిన్, కొలెస్ట్రాల్‌కు అటోర్వాస్టాటిన్ 20 రోజూ వేసుకుంటాను. నెల కిందట జ్వరం, గొంతునొప్పి, దగ్గు వచ్చాయి. ఫ్లూ అన్నారు. దగ్గు ఆగడంలేదని రెండో రోజు నుంచి క్లారిత్రోమైసిన్ ఐదు రోజులిచ్చారు. నాలుగో రోజుకు జ్వరం దిగింది. ఐదో రోజు పొద్దున మంచం మీద నుంచి లేవబోతే పిక్కలు, తొడలు పట్టేశాయి. బాత్రూంలో కింద కూర్చున్నదాన్ని లేవలేక మా అమ్మాయిని పిలవాల్సి వచ్చింది. మర్నాడు పరీక్ష చేయిస్తే సీపీకే 3,860, ఎస్‌జీఓటీ 164, ఎస్‌జీపీటీ 71, బిలిరుబిన్ 0.7. లివరు చెడిందని తెలిసినవాళ్ళు పసరు తాగించారు. ఉప్పూ పప్పూ మాని పథ్యం ఉంటున్నాను. నొప్పులకు ఆర్‌ఎంపీ దగ్గర డైక్లోఫెనాక్ సూది ఆరుసార్లు వేయించుకున్నాను. ఇప్పుడు నొప్పి దాదాపు లేదు. కానీ ఇరవై రెండో రోజున చేయించిన సీపీకే ఇంకా 640 ఉంది. ఆఖరి సూది ఆ ముందురోజే వేయించుకున్నాను. మెట్లెక్కాలంటే కమ్మీ పట్టుకోవాలి. అలిపిరి మెట్ల మొక్కుంది, కాళ్ళు అలవాటు కావాలని మిద్దె మెట్లు రోజూ పదిసార్లు ఎక్కి దిగుతున్నాను. ఇది వాతమా? స్టెరాయిడ్ మాత్రలు వేసుకుంటే వారంలో లేచి తిరుగుతావంటున్నారు, వేసుకోనా?"

అమ్మా,

ముందు మీరడిగిన రెండింటికీ జవాబు. ఇది వాతం కాదు. స్టెరాయిడ్ మాత్రలు వద్దు. కీళ్ళవాతమైతే వేళ్ళ కణుపులు, మణికట్లు, మోకాళ్ళు వాచి, పొద్దునపూట బిగుసుకుపోయి ఉంటాయి. మీకు పట్టింది కండ, కీలు కాదు. వైరల్ మయోసైటిస్ అంటారు దీన్ని, వైరస్ జ్వరం వెనకాలే వచ్చే కండరాల వాపు. వాపు అంటే కాలు లావెక్కాలని లేదు, కండ లోపల జరిగే పని అది. పిల్లల్లో ఫ్లూ తర్వాత పిక్కలు పట్టేసి రెండు రోజులు కుంటి, వారంలో మళ్ళీ గెంతడం తరచుగా చూసేదే. పెద్దవాళ్ళలో తొడలు, భుజాలు కూడా పడతాయి, తగ్గడానికి ఎక్కువ రోజులు పడుతుంది, మూత్రపిండాలకు దెబ్బ తగిలే భయమూ ఎక్కువ. వైరస్ నేరుగా కండలో దూరడం అరుదు. వైరస్ మీద మన శరీరం చేసే యుద్ధంలోనే కండ కణాల పొరలు దెబ్బతింటాయని ఎక్కువమంది నమ్మే మాట.

మీ మొదటి రిపోర్టు చూసి నేను కంగారుపడను. ఇబ్బంది పెట్టేది రెండోదే.

సీపీకే కండ కణం లోపల ఉండాల్సిన ఎంజైము. పొర చిల్లుపడితే రక్తంలోకి కారుతుంది. కారడం ఆగిపోతే, రక్తంలో ఉన్నది సుమారు ఒకటిన్నర రోజుకోసారి సగమవుతూ పోతుంది. మీ 3,860ని అలా సగం చేస్తూ పోండి: 1,930, 965, 482, 241, ఆ తర్వాత 120. ఐదు సగాలు, అంటే ఏడున్నర రోజులు. ఆడవాళ్ళలో మామూలు గరిష్ఠం ల్యాబును బట్టి 170 దగ్గర ఉంటుంది. మీరు రక్తమిచ్చిన మర్నాడు ఇంకా పెరిగి 8,000 అయిందనుకున్నా, లెక్కలో ఒకటిన్నర రోజే ఎక్కువ. ఎంత నిదానంగా లెక్కేసినా రెండు వారాలకు మామూలు అంకెకు దిగిపోవాలి. ఇరవై రెండో రోజున 640 ఉందంటే పాత మంట ఆరలేదనో, ఎక్కడో కొత్తగా కట్టె పడుతోందనో అనుకోవాలి. మీ ఉత్తరంలోనే అలాంటి కట్టెలు మూడు కనిపిస్తున్నాయి.

నా అనుమానం మొదట అటోర్వాస్టాటిన్ మీదికి పోతుంది. షుగరున్నవాళ్ళకు గుండె కోసం స్టాటిన్ (అటోర్వాస్టాటిన్ ఆ జాతి మందే) రాయడం సరైన పనే, దాన్ని తప్పుపట్టను. కానీ ఆ మందును కాలేయంలో అరగదీసి బయటికి పంపే ఎంజైము ఒకటుంది, మీకిచ్చిన యాంటీబయాటిక్ క్లారిత్రోమైసిన్ దాన్ని కట్టేస్తుంది. ఐదు రోజులు ఈ రెండూ కలిసి పడితే, మీరు వేసుకున్నది 20 మిల్లీగ్రాములే అయినా రక్తంలో దాని మోతాదు చాలా పైకి పోయి ఉంటుంది. అదే జాతి మందు సిమ్వాస్టాటిన్‌కైతే ఈ జోడు ఇంకా చెడ్డది. అజిత్రోమైసిన్‌తో ఈ ఇబ్బంది అంతగా ఉండదు. కాబట్టి ఐదో రోజు మీ తొడలు పట్టేయడంలో ఫ్లూ వాటా ఎంత, ఈ మందుల జోడు వాటా ఎంత అన్నది ఇప్పుడు విడదీయలేం. విడదీయాల్సిన పని కూడా లేదు. దెబ్బతిన్న కండ మీద రోజూ స్టాటిన్ వేస్తూ పోవడం మాత్రం ఆపాలి. రాసిచ్చిన డాక్టరుకు ఫోన్ చేసి, సీపీకే అంకెలు, క్లారిత్రోమైసిన్ సంగతి రెండూ చెప్పి, నాలుగు నుంచి ఆరు వారాలు ఆపుతానని అడగండి. స్టెంటు వేయించుకున్నవాళ్ళు, గుండెపోటో పక్షవాతమో ఒకసారి వచ్చినవాళ్ళు ఇది చదివి సొంతంగా ఆపేయకండి. వాళ్ళ లెక్క వేరు.

రెండోది ఆ సూదులు. కండలోకి సూది గుచ్చి మందు ఎక్కిస్తే అక్కడి కణాలు కొన్ని చితుకుతాయి, సీపీకే కొన్ని వందలు పెరగడానికి అదొక్కటే చాలు. మీరు ఆఖరి సూది వేయించుకున్న మర్నాడే రక్తమిచ్చారు. అంటే 640లో కొంత తుంటిలో దిగిన ఆ సూదిదే కావచ్చు. కండల నొప్పికి కండలోకి సూది వేయించుకోవడం మన ఊళ్ళలో మామూలైపోయింది, ఏం చేస్తాం. అంతకన్నా పెద్ద తప్పు ఆ మందు ఎంపికలో ఉంది. డైక్లోఫెనాక్ మూత్రపిండానికి వెళ్ళే రక్తాన్ని తగ్గిస్తుంది. జ్వరంతో నీళ్ళు తగ్గిన ఒళ్ళు, ఆరేళ్ళ షుగరు, కండ నుంచి కారిన చెత్త, వీటన్నిటి మీద ఆరుసార్లు ఈ మందు. మీ ఉత్తరంలో మూత్రపిండాల పనితీరు చెప్పే క్రియాటినిన్ ఊసే లేదు. నాకు అన్నిటికన్నా ముందు కావలసిన అంకె అదే. అదీ కాక ఏ జ్వరమో తేలకముందు ఈ సూది వేయించుకోవడం మరీ ప్రమాదం, అది డెంగీ అయితే రక్తస్రావానికి దారి తీస్తుంది. నొప్పి మళ్ళీ వస్తే పారాసెటమాల్ 650 మాత్ర, రోజుకు మూడుకు మించకుండా. అంతకు మించినది డాక్టరు చూసే రాయాలి.

మూడోది మిద్దె మెట్లు. ఎక్కేటప్పుడు ఊపిరి అందదు కాబట్టి ఎక్కడమే కష్టమైన పని అనుకుంటాం. తొడ కండకు దిగడం ఎక్కువ దెబ్బ. ఎక్కేటప్పుడు తొడ ముందరి కండ కుంచించుకుంటూ ఒంటిని పైకి నెడుతుంది. దిగేటప్పుడు అదే కండ సాగుతూ సాగుతూ ఒళ్ళు ధబాల్న పడిపోకుండా పట్టి ఆపాలి. సాగుతూ బరువు మోసినప్పుడే కండ పోగులు ఎక్కువగా చిరుగుతాయి. గట్టి మనిషికి కూడా కొండ దిగిన రెండో రోజు తొడలు పట్టేసేది అందుకే. మీరు మానని కండతో రోజుకు పది విడతలు దిగుతున్నారు. అలవాటు చేస్తున్నామనుకుని గాయాన్ని కెలుకుతున్నారు.

ఈ మూడూ ఒకేసారి ఆపి పది రోజులు ఆగండి. పదో రోజు పొద్దున మళ్ళీ సీపీకే చేయించండి. పరీక్షకు ముందు వారమంతా కండలోకి సూది ఉండకూడదు. పరీక్షకు ముందు మూడు రోజులు బరువులెత్తడం, ఒళ్ళు పట్టించుకోవడం రెండూ వద్దు. అదే ల్యాబులో చేయిస్తే అంకెలు పోల్చుకోవడానికి బాగుంటుంది. పదో రోజు దాకా ఆగకుండా రేపే చేయించుకోవాల్సినవి వేరే ఉన్నాయి: క్రియాటినిన్, పొటాషియం, మూత్ర పరీక్ష, థైరాయిడ్ కోసం టీఎస్‌హెచ్. థైరాయిడ్ తక్కువుంటే సీపీకే దానంతటదే పెరుగుతుంది, స్టాటిన్ పడకపోవడానికి కూడా అది ఒక కారణం. విటమిన్ డి తక్కువున్నా తొడల్లో బలం తగ్గుతుంది, వీలైతే అదీ చూడండి. మూత్ర పరీక్షలో ఒక చిత్రం ఉంటుంది. మూత్రంలో ముంచే పట్టీ మీద 'రక్తం ఉంది' అని వచ్చి, సూక్ష్మదర్శినిలో ఎర్రకణాలు కనిపించకపోతే, అది రక్తం కాదు. కండ నుంచి కారిన మయోగ్లోబిన్ అనే ప్రోటీన్. రిపోర్టులో ఆ రెండు వరుసలూ పక్కపక్కన పెట్టి చూడమని డాక్టరును అడగండి.

పది రోజుల తర్వాత అంకె 200 లోపుకు వస్తే ఆ అధ్యాయం ముగిసినట్టే. 300, 400 దగ్గరుండి బలం పెరుగుతూ ఉంటే ఇంకో రెండు వారాలు ఆగి మళ్ళీ చూడవచ్చు, స్టాటిన్ ప్రభావం పోవడానికి కొన్నిసార్లు వారాలు పడుతుంది. 640 అలాగే నిలిచినా, పెరిగినా, అంకె ఎంతున్నా బలం తగ్గుతూ పోయినా న్యూరాలజిస్టును కలవాలి. తిరుపతిలో స్విమ్స్ ఆసుపత్రి ఉంది, మీకు వేలూరు ఇంకా దగ్గర. వాళ్ళు వెతికేది వేరే జబ్బు, శరీరం తన కండ మీద తానే పడే రకం. స్టాటిన్ వాడినవాళ్ళలో కొద్దిమందికి, మందు ఆపిన రెండు నెలలకు కూడా సీపీకే వేలల్లోనే ఉంటుంది. దానికి యాంటీ హెచ్‌ఎమ్‌జీసీఆర్ అనే రక్తపరీక్ష ఉంది. కనురెప్పల మీద ఊదారంగు, వేళ్ళ కణుపుల మీద ఎర్రటి గరుకు మచ్చలు వస్తే డెర్మటోమయోసైటిస్, అంటే చర్మం, కండ రెండూ వాచే జబ్బని అనుమానిస్తారు. అక్కడ ఈఎంజీ అని కండలోకి సన్నని సూది పెట్టి చూసే పరీక్ష చేస్తారు, దానితోనూ సీపీకే పెరుగుతుంది కాబట్టి ముందు రక్తమిచ్చి తర్వాతే అది చేయించుకోండి.

స్టెరాయిడ్ వద్దనడం కూడా ఇందుకే. వైరస్ వల్ల వచ్చిన వాపు దానంతట అది తగ్గుతుంది, స్టెరాయిడ్ అక్కడ చేసే మేలు లేదు. ఒకవేళ ఇది శరీరమే తన కండ మీద పడే రకమైతే, ముందే మింగిన స్టెరాయిడ్ జబ్బును సగం కప్పిపెట్టి పరీక్షల్ని తికమక చేస్తుంది. మీ షుగరును ఎగదోయడం ఖాయం. ఎక్కువ రోజులు వాడితే స్టెరాయిడ్ తానే తొడ కండల్ని కరిగిస్తుంది, అప్పుడు సీపీకే మామూలుగా ఉండి మనిషి మాత్రం లేవలేడు. వారంలో లేచి తిరుగుతావన్నవాళ్ళు ఈ సంగతి చెప్పి ఉండరు.

ఇక మీ లివరు. ఎస్‌జీఓటీ, ఎస్‌జీపీటీ కాలేయంలో ఎంత ఉంటాయో తెలిసినవాళ్ళు కూడా అవి కండలోనూ ఉంటాయని మరిచిపోతారు. కండ చిట్లితే సీపీకేతో పాటు అవీ కారతాయి, ఎస్‌జీఓటీ ఎక్కువగా, ఎస్‌జీపీటీ తక్కువగా. మీ 164, 71 సరిగ్గా ఆ వాటంలోనే ఉన్నాయి. బిలిరుబిన్ 0.7 అంటే కామెర్లు లేవు. ఇప్పుడు మళ్ళీ చేయిస్తే ఎస్‌జీపీటీయే ఎస్‌జీఓటీ కంటే పైన ఉండవచ్చు. అది రక్తంలోంచి నిదానంగా పోతుంది, అంతే. కొత్తగా లివరు చెడిందని మళ్ళీ భయపెడతారేమో, జీజీటీ అనే పరీక్ష కూడా కలిపి చేయించండి. అది కండలో ఉండదు, కాబట్టి మామూలుగా వస్తే ఆ రెండూ కండవేనని తేలిపోతుంది. పసరు ఆపండి. అందులో ఏ ఆకు ఎంత పడిందో ఇచ్చినవాళ్ళకే తెలియదు, ఇప్పుడు మీ మూత్రపిండాల మీద ఇంకో బరువు పెట్టలేం.

పథ్యం పసరుకంటే ఎక్కువ చెరుపు చేస్తోంది. కండను మళ్ళీ కట్టుకోవాల్సిన నెలలో పప్పు మానేశారు. పొయ్యి ముందు చెమటోడ్చే పనిలో ఉప్పు మానేశారు, రక్తంలో సోడియం తగ్గితే అదొక నీరసం. మీ బరువుకు రోజుకు 60 నుంచి 70 గ్రాముల ప్రోటీన్ కావాలి. రెండు గుడ్లతో 12, రెండు పూటలా ఒక్కో కప్పు గట్టిపప్పుతో 16, రెండు గ్లాసుల పాలతో 16, గుప్పెడు చెనిక్కాయలతో 7, మిగిలినది సంగటి, ఇడ్లీ, పెరుగులోంచి వచ్చేస్తుంది. కోడికూర తినేవాళ్ళయితే ఉడికిన ముక్కలు 100 గ్రాములతోనే 25 గ్రాములు వస్తాయి. క్రియాటినిన్ మామూలుగా ఉందని తేలాకే ఈ లెక్క. పెరిగి ఉంటే తిండి సంగతి, మెట్‌ఫార్మిన్ మోతాదు సంగతి కూడా డాక్టరు చెప్పినట్టు నడవాలి.

నీళ్ళు రోజుకు రెండున్నర నుంచి మూడు లీటర్లు. గుండె, కిడ్నీ జబ్బున్నవాళ్ళకు ఈ కొలత వర్తించదు. టెంకాయ నీళ్ళు ఒంటికి మంచిదని రోజూ రెండు మూడు కాయలు తాగుతారు. మూత్రం మామూలుగా వస్తూ క్రియాటినిన్ బాగుంటే ఒక కాయ ఫర్వాలేదు. మూత్రం తగ్గినప్పుడు మాత్రం ముట్టకండి. దెబ్బతిన్న కండ పొటాషియాన్నీ కారుస్తుంది, కిడ్నీ దాన్ని బయటికి పంపలేదు, టెంకాయ నీళ్ళలోనూ ఉండేది పొటాషియమే. అది హద్దు దాటితే గుండె లయ తప్పుతుంది.

మూత్రం రంగు మీరే చూసుకోవచ్చు. పొద్దున మొదటిసారి వచ్చింది కాకుండా రెండోసారిది గాజుగ్లాసులో పట్టి కిటికీ వెలుతురులో చూడండి. ఎండుగడ్డి రంగో, నిమ్మకాయ నీళ్ళ రంగో ఉంటే మంచిది. ముదురు పసుపుంటే అర లీటరు నీళ్ళు తాగి తర్వాతి దాన్ని చూడండి, తేటబడాలి. కాఫీ డికాషన్ రంగులో ఉంటే తేటబడుతుందేమోనని చూస్తూ కూర్చోకండి, ఆ రోజే ఆసుపత్రికి పోవాలి. అది మయోగ్లోబిన్. అక్కడ సెలైన్ ఎక్కించి, గంటకు 200 నుంచి 300 మిల్లీలీటర్ల మూత్రం వచ్చేలా చూస్తారు. సీపీకే 5,000 దాటినవాళ్ళలో కిడ్నీకి ముప్పు ఎక్కువ. బీ కాంప్లెక్స్ మాత్రలు వేసుకుంటే మూత్రం మెరిసే పసుపురంగులో వస్తుంది, దానికి బెదరనక్కర్లేదు.

నొప్పి తగ్గింది కదా అని రాశారు. కండ మానిందా లేదా అనేది నొప్పి చెప్పదు, బలం చెబుతుంది. ఆ బలాన్ని ఇంట్లోనే కొలవచ్చు. చేతులు లేని కుర్చీ, నేల నుంచి 45 సెంటీమీటర్ల ఎత్తున్నది గోడకానించి వేయండి. చేతులు రొమ్ము మీద కట్టుకుని కూర్చుని, 30 సెకన్లలో ఎన్నిసార్లు పూర్తిగా లేచి నిలబడగలరో అమ్మాయిని లెక్కపెట్టమనండి. ఎన్నొచ్చినా ఆ అంకె క్యాలెండరులో రాయండి. మళ్ళీ నాలుగు రోజులకు ఒకసారి చాలు, రోజూ చేస్తే అదే ఒక శ్రమ. భుజాలకైతే, రెండు లీటర్ల నీళ్ళ చెంబు తల మీది అలమారలో పెట్టగలరా, తల దువ్వుకునేటప్పుడు చేయి మధ్యలో దింపాల్సి వస్తోందా చూడండి. దోశపిండి గిన్నె ఇదివరకు ఒంటిచేత్తో ఎత్తేవారు, ఇప్పుడు రెండు చేతులు కావాలంటే అదీ ఒక లెక్కే. ఈ అంకెలు వారం వారం పెరగాలి. మొదటి రెండుసార్లు బాగానే లేచి, తర్వాత ఒళ్ళంతా వాలిపోయి మర్నాడు మంచం దిగలేకపోతే, అది కండ బలహీనత కాదు, వైరస్ తర్వాతి అలసట. అందులో సీపీకే మామూలుగా ఉంటుంది, పట్టుబట్టి శ్రమ పెంచితే ముదురుతుంది. అది వేరే దారి, డాక్టరుకు ఆ తేడా చెప్పండి.

కొన్ని గుర్తులు కనిపిస్తే పది రోజులు, పరీక్షలు అన్నీ పక్కనబెట్టి 108కి ఫోన్ చేయాలి. అరికాళ్ళలో తిమ్మిరి, సూదులు గుచ్చినట్టుండడం మొదలై, బలహీనత పాదాల నుంచి రోజురోజుకూ పైకి పాకడం. చెప్పు జారిపోతున్నా తెలియకపోవడం, ముఖం వంకరపోవడం, మింగినది ముక్కులోకి రావడం. ఇది గిలాన్ బారే, ఇదీ వైరస్ జ్వరాల వెనకాలే ఒకటి నుంచి నాలుగు వారాల్లో వచ్చేది, కానీ నరం జబ్బు. ఇందులో సీపీకే సాధారణంగా మామూలుగానే ఉంటుంది, మోకాటి మీద సుత్తితో కొడితే కాలు ఎగరదు. మయోసైటిస్‌లో ఎగురుతుంది. ఊపిరి కండలు పట్టేస్తే ప్రాణం మీదికి వస్తుంది. గట్టిగా ఊపిరి పీల్చుకుని ఒక్క ఊపిరిలో గబగబా ఇరవై దాకా లెక్కపెట్టండి, అందాకా రాలేకపోతే ఆలస్యం చేయకండి. గుండెదడ, ఛాతీనొప్పి, పడుకుంటే ఆయాసం వస్తే వైరస్ గుండె కండను కూడా తాకిందేమో చూడాలి, ఈసీజీ, గుండె కండ దెబ్బతిన్నదేమో చెప్పే ట్రోపోనిన్ రక్తపరీక్ష చేస్తారు. ఒక్క పిక్కే వాచి వేడిగా ఉంటే రక్తం గడ్డకట్టిందేమో చూడాలి, దాన్ని నలిపి మర్దన చేయకూడదు.

మిగతా పాఠకుల కోసం ఒక మాట. పిక్కలు పట్టేసిన ప్రతి జ్వరమూ వైరస్‌ది కాదు. వరిమడిలోనో మురుగునీళ్ళలోనో పనిచేసినవాళ్ళకు పిక్కనొప్పి, కళ్ళు ఎర్రబడడం, తర్వాత పచ్చబడడం వస్తే ఎలుకజ్వరం, అంటే లెప్టోస్పైరోసిస్ కావచ్చు. చంకలోనో గజ్జలోనో సిగరెట్‌తో కాల్చినట్టు నల్లటి చిన్న పొక్కు ఉంటే స్క్రబ్ టైఫస్. ఈ రెండింటికీ డాక్సీసైక్లిన్‌తో నయమవుతుంది, వైరస్ అనుకుని ఊరుకుంటే కిడ్నీ దాకా పోతాయి.

ఇప్పుడు మీ పది రోజులు ఎలా గడపాలో. పూర్తిగా మంచం పట్టకండి. చదును మీద ఐదేసి నిమిషాలు రోజుకు నాలుగుసార్లు నడవండి. అంగడిలో పెనం ముందు ఎత్తుబల్ల వేసుకుని కూర్చుని దోశలు పోయండి, పిండి గిన్నెలు ఎవరైనా అందించాలి. వేడినీళ్ళ సంచి పది నిమిషాలు పెట్టుకోవచ్చు. షుగరుతో పాదాల స్పర్శ తగ్గి ఉంటే వేడి తెలియక బొబ్బలెక్కుతాయి, ముందు మోచేత్తో తాకి చూడండి. నూనె రాసి తొక్కించుకోవడం, నరాలు లాగించుకోవడం వద్దు.

సీపీకే మామూలుకు వచ్చాక బలం పెంచే పని. మొదటి వారం కుర్చీలోంచి ఐదుసార్లు లేవడం, రోజుకు రెండు విడతలు. వంటగది బండ పట్టుకుని మడమలు ఎత్తి దించడం పదిసార్లు. నడక పది నిమిషాలు, రెండుసార్లు. రెండో వారం కుర్చీ ఎనిమిదిసార్లు, నడక ఇరవై నిమిషాలు. మూడో వారానికి మిద్దె మెట్లు ఒక్కసారి ఎక్కి దిగండి, కమ్మీ పట్టుకునే. మర్నాటి ఒళ్ళునొప్పి ఒక్క రోజులో పోతే సరైన మోతాదు. రెండో రోజుకూ ఉంటే సగానికి తగ్గించి మూడు రోజులు అక్కడే ఆగండి. ఆరో వారం దాటేదాకా నేల మీద గొంతుక్కూర్చుని లేచే పనులు వద్దు.

స్టాటిన్ అప్పుడు మళ్ళీ మొదలుపెట్టాలి, మీ షుగరుకు అది అవసరం. తక్కువ మోతాదుతోనో వేరే రకంతోనో మొదలుపెట్టి, ఆరు వారాలకు సీపీకే చూస్తారు. మందుల చీటీ మీద మీ చేత్తో 'స్టాటిన్‌తో క్లారిత్రోమైసిన్ పడదు' అని రాసి పెట్టుకోండి, మళ్ళీ దగ్గొస్తే ఎవరు రాసినా చూపించవచ్చు. ఫ్లూ టీకా ఏడాదికోసారి షుగరున్నవాళ్ళకు చెప్పే మాటే, ఒళ్ళు పూర్తిగా కోలుకున్నాక వేయించుకోండి.

మొక్కు సంగతి. అలిపిరి దారిలో 3,550 మెట్లు, గాలిగోపురం దాకా ఎడతెగకుండా ఎక్కుడే. చివర్లో మోకాళ్ళ పర్వతం మళ్ళీ నిటారు. షుగరు, బీపీ ఉన్నవాళ్ళు నడవకపోవడమే మేలని టీటీడీ కూడా చెబుతోంది, కాబట్టి ఈసారికి డాక్టరు సరేనన్నాకే. శ్రీవారి మెట్టు దారిలో మెట్లు 2,388. దూరం తక్కువ కాబట్టి తేలికనుకుంటారు గానీ ఎక్కుడు వరసగా ఉంటుంది, మానుతున్న తొడకు అదీ తక్కువ పరీక్షేం కాదు. ఇంటి దగ్గర ఆగకుండా నలభై నిమిషాలు నడిచి, మిద్దె మెట్లు కమ్మీ పట్టుకోకుండా ఐదుసార్లు ఎక్కి, మర్నాడు ఏ నొప్పీ లేకుండా ఉన్నాకే బయల్దేరండి. ఎంత లేదన్నా ఇప్పటి నుంచి మూడు నెలలు. వెళ్ళిన రోజు ప్రతి వంద మెట్లకూ కూర్చుని నీళ్ళు తాగండి, జేబులో చాక్లెట్ ఉంచుకోండి, షుగరు పడిపోతే పనికొస్తుంది. దర్శనమయ్యాక నడిచి దిగకండి, బస్సెక్కండి. ఆ తర్వాతి వారంలో ఏ కారణానికైనా సీపీకే చేయిస్తే అంకె ఎక్కువే వస్తుంది, కొండెక్కిన ఎవరికైనా వస్తుంది. అది చూసి మళ్ళీ ఆర్‌ఎంపీ దగ్గరికి వెళ్ళకండి.